ఆల్చిప్ప మీద లడాయి, గిన్నెలో షోర్బా మీద ఖామోషీ



భాయియో, బహెనో! "సీ ఫుడ్డే కదా, ఏం ఫికర్ లేదు" అనే మాట మీ ఇంట్లో కూడా వినపడే ఉంటుంది. అమెరికాలో ఉన్న మన పిల్లల నోట నేను చాలాసార్లు విన్నాను. కోడి అంటే జబీహానా కాదా అని అడుగుతారు. మటన్ కావాలంటే హలాల్ దుకాణం ఎంత దూరమున్నా కారేసుకుని వెళ్తారు. సముద్రంలోంచి వచ్చింది అనగానే మాత్రం ఉన్న సవాళ్ళన్నీ మూటగట్టి అవతల పెట్టేస్తారు. ఇక్కడ ఊళ్ళో ఉన్న పెద్దలది ఇంకో తరహా. చేప, రొయ్య తప్ప సముద్రంలోది ఏది కనపడినా ముందు "తౌబా తౌబా" అంటారు, తర్వాత అదేమిటని అడుగుతారు.

నా మాట సూటిగా చెబుతాను. సీ ఫుడ్ రెస్టారెంట్‌లో కూర్చున్న ముసల్మాన్ ముందు నాలుగు సవాళ్ళుంటాయి. ఈ జానవర్ నాకు జాయిజేనా? దీన్ని దేనితో వండారు? ఇది నా ఒంటికి మంచిదా? దీన్ని నా ముందుకి తెచ్చిన చేతులకి వాటి హక్ దక్కిందా? మొదటి సవాల్ మీద ఉలమాల మధ్యే వందల ఏళ్ళుగా ఇఖ్తిలాఫ్ ఉంది. మనం గొంతు చించుకునేది సరిగ్గా దాని మీదే. మిగతా మూడింటి దగ్గర నోరు విప్పం.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మొన్నామధ్య మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పడింది. మా భాంజా జెర్సీ సిటీలో ఉంటాడు, నౌకరీ మాన్‌హాటన్ డౌన్‌టౌన్‌లో. అతనూ భార్యా ఆఫీసు వాళ్ళతో కలిసి అక్కడి ఒక ఆయిస్టర్ బార్‌లో భోజనానికి వెళ్ళారు. ఫోటోలో పెద్ద పళ్ళెం, దాని నిండా నలగ్గొట్టిన ఐసు, ఐసు మీద నోరు తెరిచిన ఆరు ఆల్చిప్పలు, నిమ్మకాయ ముక్కలు. పళ్ళెం అమ్మాయి ముందుంది. అబ్బాయి ముందు ఒక గిన్నెలో తెల్లటి చిక్కటి షోర్బా ఉంది.

అమ్మాయిది హైదరాబాద్ బార్కస్. ఇంక చూడండి! గుంటూరు నుంచి ఒకరు తౌబా అన్నారు. ఒకరెవరో ఎక్కడిదో ఫత్వా ఫార్వర్డ్ చేశారు. బార్కస్ వైపు నుంచి "మా మజ్హబ్‌లో ఇది హలాల్" అని జవాబొచ్చింది. దానికి మా వాళ్ళు "అయితే పీతల్నీ కప్పల్నీ కూడా తినండి" అని ఠట్టా చేశారు. రెండో రోజుకి మాట ఆల్చిప్పని దాటి "ఎలాంటి ఇంటి నుంచి బహూని తెచ్చుకున్నాం" అనే దాకా పోయింది. మూడో రోజు ఆ పిల్ల గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఆమె అమ్మీ నెల రోజులు మా వాళ్ళతో ఫోన్‌లో సలాం కూడా చెప్పలేదు.

ఇంత గలాటాలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అబ్బాయి ముందున్న గిన్నెలో ఏముందని అడగలేదు.

ఆ గిన్నెలోది క్లామ్ చౌడర్. న్యూ ఇంగ్లండ్ పద్ధతిలో పాలు, మీగడ, బంగాళాదుంపలు, చిన్న గవ్వల మాంసం వేసి కాచే షోర్బా. ఆ పద్ధతిలో గిన్నె పొయ్యి మీద పెట్టగానే మొదట వేసేది ఉప్పేసి ఊరబెట్టిన పంది కొవ్వు, లేదంటే బేకన్ ముక్కలు. ఆ కొవ్వు కరిగాక అందులోనే ఉల్లిపాయ వేయిస్తారు. అన్ని వంటిళ్ళూ ఇలాగే చేస్తాయని కాదు, వెన్నతో చేసేవాళ్ళూ ఉన్నారు. అందుకే అడగాలి. తన మజ్హబ్ ప్రకారం జాయిజైంది తిన్న పిల్లని నిలబెట్టి సవాళ్ళడిగాం. అడిగి తాగాల్సింది అడక్కుండా తాగిన పిల్లవాడిని ఎవరం పల్లెత్తు మాట అనలేదు. ఇదేం ఇన్సాఫ్?

అసలు ఈ ఆయిస్టర్ బార్ ఏమిటో ముందు చెప్పాలి. ఆల్చిప్ప అంటే మన ఊళ్ళల్లో పచ్చిమామిడికాయ చెక్కు తీసుకునే చిప్పగానే తెలుసు. ఆయిస్టర్ కూడా అలాంటి రెండు చిప్పల జీవే, కాకపోతే ఉప్పునీటిది. బార్ అనే మాట విని సారాయి దుకాణం అనుకోకండి, అది పొడవాటి గట్టు. గట్టు మీద ఐసు, ఐసు మీద ఆల్చిప్పలు. మొద్దు కొసతో ఉండే పొట్టి చాకుతో పనివాడు మీ కళ్ళముందే చిప్ప తెరుస్తాడు. అరడజను, డజను లెక్కన ఇస్తారు. పైన నిమ్మకాయ పిండుకుని పచ్చిగానే మింగుతారు. మన దగ్గర బందరు లడ్డూ, ఆత్రేయపురం పూతరేకు అన్నట్టు అక్కడ ఆల్చిప్పకి ఊరి పేరుంటుంది. బ్లూ పాయింట్ అంటే లాంగ్ ఐలండ్‌ది, వెల్‌ఫ్లీట్ అంటే మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్‌ది. అయితే పేరులో బార్ అంటే గట్టే అయినా, ఆ గట్టు దగ్గర వైనూ బీరూ కూడా పోస్తారు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

న్యూయార్క్ డౌన్‌టౌన్‌కీ ఆల్చిప్పకీ పాత రిష్తా ఉంది. అక్కడి పెర్ల్ స్ట్రీట్‌కి ఆ పేరు వచ్చింది ఒకప్పుడు ఆ ఒడ్డున గుట్టలుగా పడి ఉన్న చిప్పల వల్లే. అక్కడి అసలు వాసులైన లెనాపే జనం తరతరాలుగా తిన్న ఆహారం అది. తర్వాత నగరం పెరిగినప్పుడు బండి మీద అమ్మే గరీబుల తిండి అయింది. నగరం మురుగంతా రేవులో కలిసి, చివరి ఆల్చిప్పల మడుగుల్ని 1927లో మూసేశారు. ఇప్పుడు బయట నుంచి తెచ్చి ఒక్కోటి డాలర్ల లెక్కన అమ్ముతున్నారు.

ఇంక మొదటి సవాల్‌కి వద్దాం. జానవర్ జాయిజా కాదా?

మన తెలుగు ముసల్మానుల్లో ఎక్కువమందిమి హనఫీలం. హనఫీ ఫిఖ్హ్‌లో నీటి జీవుల్లో చేప ఒక్కటే హలాల్. ఆల్చిప్ప, గవ్వ, పీత, స్క్విడ్, లాబ్‌స్టర్ ఏవీ చేపలు కావు కాబట్టి తినకూడదు. రొయ్య సంగతికొస్తే మన హిందుస్తానీ హనఫీ ఉలమాలోనే రెండు రాయ్‌లున్నాయి. దాన్ని చేప కిందే లెక్కగట్టినవాళ్ళున్నారు, దూరంగా ఉండమన్నవాళ్ళున్నారు. షాఫయీ, మాలికీ, హంబలీ మజ్హబ్‌ల ఉలమాలో ఎక్కువమంది దగ్గర సముద్రపు వేట మొత్తం, ఒకటీ అరా మినహాయింపులతో, జాయిజే. వాళ్ళు దలీల్‌గా చూపించేది సూరె మాయిదా 96వ ఆయత్. హనఫీలు కూడా అదే ఆయత్ చదువుతారు, వాళ్ళ దలీల్‌తో వేరే మతలబ్ తీస్తారు. ఇందులో ఎవరూ నఫ్స్ కోసం మస్లా కల్పించుకున్నవాళ్ళు కాదు.

బార్కస్ వాళ్ళు షాఫయీలు ఎందుకయ్యారో మన ఇళ్ళల్లో చాలామందికి తెలియదు. వాళ్ళ పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులో పనిచేయడానికి వచ్చినవాళ్ళు. బ్యారక్స్ అనే మాటే నోళ్ళల్లో నలిగి బార్కస్ అయింది. హద్రమౌత్ షాఫయీల ఇలాఖా. కేరళ మాప్పిళ్ళలూ షాఫయీలే, భట్కల్ నవాయతులూ షాఫయీలే. మలబార్‌లో రంజాన్ వస్తే కల్లుమ్మక్కాయ అనే గవ్వలో బియ్యప్పిండి ముద్ద కూరి, ఆవిరి మీద ఉడికించి, కారం పట్టించి వేయించి ఇఫ్తార్‌కి పెడతారు. రోజా ఉన్న మనిషి, నమాజ్ తప్పని మనిషి, బిస్మిల్లా చెప్పి తినే తిండి అది. దాన్ని చూసి మనం మొహం చిట్లిస్తే మన జహాలత్ బయటపడుతుందంతే.

రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ముందు ఒకసారి దబ్ అనే ఎడారి ఉడుము మాంసం పెట్టారు. హుజూర్ దాని మీద నుంచి చేయి వెనక్కి తీసుకున్నారు. హరామా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ రజియల్లాహు అన్హు అడిగితే, కాదు, మా ఖౌమ్ ఇలాఖాలో ఇది ఉండదు, నా తబియత్‌కి నచ్చదు అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చారు. హజ్రత్ ఖాలిద్ ఆ పళ్ళెం తనవైపు లాక్కుని హుజూర్ చూస్తుండగానే తిన్నారు. సహీ హదీసుల్లో ఉన్న వాకియా ఇది. దబ్ మీద కూడా మజ్హబ్‌ల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది, దాని జోలికి నేను పోను. నేను చూసేది ఆ దస్తర్‌ఖాన్ అదబ్. ఒకే పళ్ళెం ముందు ఒకరు తినలేదు, ఒకరు తిన్నారు. ఎవరూ ఎవరి ఖాందాన్‌నీ తీసి మాట్లాడలేదు. తిండికి ఐబు పెట్టడం హుజూర్ ఆదత్ కాదనీ, నచ్చితే తినేవారు, లేకుంటే వదిలేసేవారనీ కూడా మనం పిల్లలకి చెబుతూనే ఉంటాం. చెప్పడం వరకేనా?

కాబట్టి హనఫీ భాయీ, నువ్వు తినకు. నీ మజ్హబ్ మీద గట్టిగా ఉండు. నోరూరింది కాబట్టి ఒక పూటకి షాఫయీ అయిపోవడం దీన్‌తో ఆట. అలాగే షాఫయీ బహెనా, నీకు జాయిజ్ కదా అని పక్కన కూర్చున్న భర్త నోట్లో పెట్టాలని చూడకు. ఒకే టేబుల్ మీద ఆమె ముందు ఆల్చిప్పలు, అతని ముందు చేప ఉండొచ్చు. ఆ ఇల్లు కూలిపోదు. కూలేది మనం వాట్సాప్‌లో రాసిన మాటల వల్లే.

రెండో సవాల్. దేనితో వండారు?

ఇక్కడ ఇఖ్తిలాఫ్ లేదు. పంది కొవ్వు నాలుగు మజ్హబ్‌లలోనూ హరామే, షరాబ్ హరామే. సీ ఫుడ్ వంటింట్లో ఈ రెండూ ఎక్కడెక్కడ దాక్కుంటాయో వినండి. చౌడర్ సంగతి చెప్పాను. క్లామ్స్ కసీనో అని ఒక వంటకం ఉంది, గవ్వ మీద బేకన్ ముక్క పెట్టి కాలుస్తారు. మసెల్స్ అనే నల్ల గవ్వల్ని మామూలుగా వైట్ వైన్ పోసి ఆవిరి పడతారు. లాబ్‌స్టర్ బిస్క్ అనే షోర్బాలో షెర్రీనో బ్రాందీనో పడుతుంది. ఆయిస్టర్స్ రాక్‌ఫెల్లర్ అనేది న్యూ ఆర్లీన్స్‌లోని ఆంత్వాన్స్ అనే హోటల్లో 1889లో పుట్టిన వంటకం. దాన్ని చేసే చాలా వంటిళ్ళల్లో సోంపు వాసన వచ్చే షరాబ్ ఒక చుక్క వేస్తారు. ఇవన్నీ హనఫీలు ఎలాగూ తినరు కదా అంటారా? అయితే మన పిల్లలందరూ కళ్ళు మూసుకుని తెప్పించుకునే ఫిష్ అండ్ చిప్స్ చూడండి. చేప హలాలే. చేప చుట్టూ ఉన్న పిండిని చాలాచోట్ల బీరు పోసి కలుపుతారు. బీరు లేకపోయినా, ఆ చేపని వేయించిన నూనెలోనే అంతకుముందు జబీహా కాని కోడి రెక్కలు వేగి ఉండొచ్చు.

"వండితే వైన్ ఆవిరైపోతుంది కదా" అని చదువుకున్న పిల్లలే అంటుంటారు. పూర్తిగా ఆవిరి కాదు. అరగంట ఉడికినా పోసిన ఆల్కహాల్‌లో మూడో వంతు దాకా మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లోనే ఉంది. గవ్వలు ఉడికేది ఐదారు నిమిషాలు. అయినా ఒక్క చుక్క మిగలకపోతే మాత్రం? తెలిసి తెలిసి షరాబ్ పోసి వండిన వంటని ఆవిరి లెక్కలతో జాయిజ్ చేసుకునే అలవాటు మనకెందుకు?

అడగడానికి షరమ్ ఎందుకో నాకు అర్థం కాదు. ఆఫీసువాళ్ళు ఏమనుకుంటారో అని భయం. కానీ అక్కడ అడగడమే రివాజు. అమెరికా చట్టం తొమ్మిది పదార్థాలని పెద్ద ఎలర్జీల జాబితాలో పెట్టింది. రొయ్యలు, పీతల జాతి అందులో ఉంది. తొమ్మిదోదిగా నువ్వుల్ని 2023 నుంచి కలిపారు. పల్లీలు పడనివాళ్ళు, గోధుమ పడనివాళ్ళు రోజూ అడుగుతూనే ఉంటారు. పైగా అది న్యూయార్క్. రెక్కలూ పొలుసులూ లేని నీటి జీవిని తినకూడదన్నది యూదుల షరీయత్. దాన్ని పాటించే యూదులు ఆల్చిప్పలు ముట్టరు. ఆ నగరంలో ఆయిస్టర్ బార్ వెయిటర్‌కి "నేను ఇది తినను" అనే మాట కొత్తేమీ కాదు. అడగని మనిషి మనమే.

ఏమడగాలో కూడా చెబుతాను, పిల్లలకి పంపించండి. ఇందులో వైన్ గానీ బీరు గానీ ఏ రకం మద్యం గానీ ఉందా? బేకన్ గానీ పంది కొవ్వు గానీ ఉందా? పిండి దేనితో కలిపారు? వేయించే నూనెలో ఇంకేం వేయిస్తారు? నా చేపని శుభ్రం చేసిన పెనం మీద, వెన్న, నిమ్మకాయతో విడిగా చేసి ఇవ్వగలరా? ఐదు ప్రశ్నలు, ఒక నిమిషం. సాల్మన్, కాడ్, హాలిబట్, ట్యూనా లాంటి చేపలు అలాంటి ప్రతి చోటా ఉంటాయి. వెయిటర్‌కి తెలియకపోతే లోపలికెళ్ళి వంటమనిషిని అడిగి రమ్మనండి. జవాబు సాఫ్‌గా రాకపోతే రొట్టె, సలాడ్ తిని లేవండి. ఒక పూట కడుపు కాలినంత మాత్రాన ఎవరూ పోరు.

మూడో సవాల్. ఒంటికి మంచిదా?

ఖురాన్‌లో తిండి మాట వచ్చినచోట హలాల్‌తో పాటు తయ్యిబ్ అనే మాట కూడా కలిసి వస్తుంది. మనం మొదటిది పట్టుకుని రెండోది మరిచిపోయాం. షాఫయీ ఇంటి పిల్లలకి ఆల్చిప్ప జాయిజే అనుకుందాం. పచ్చిగా తినడం అందరికీ మంచిదేనా?

ఆల్చిప్ప నీటిని వడగట్టి బతికే జీవి. ఎదిగిన ఆల్చిప్ప అన్నీ అనుకూలిస్తే రోజుకి 50 గాలన్ల దాకా, అంటే సుమారు 190 లీటర్ల నీటిని వడకడుతుంది. నీటిలో ఉన్న క్రిములు దాని ఒంట్లో చేరతాయి. వాటిలో విబ్రియో అనే జాతి ఉంది. అది ఎక్కువగా మే నుంచి అక్టోబర్ దాకా, నీళ్ళు వెచ్చగా ఉన్నప్పుడు పెరుగుతుంది. అందులో వల్నిఫికస్ అనే రకం సోకితే ఐదుగురిలో సుమారు ఒకరు చనిపోతారని అమెరికా రోగ నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. నిమ్మరసం దాన్ని చంపదు, కారం సాస్ చంపదు. బాగా ఉడికించడం ఒక్కటే మార్గం. ఆ ఆల్చిప్పని చూసి, వాసన చూసి క్రిమి ఉందో లేదో చెప్పలేం. లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకి ఖత్రా ఇంకా ఎక్కువ. మన ఇళ్ళల్లో షుగర్ లేని దస్తర్‌ఖాన్ ఎక్కడుంది? కొడుకుని చూడ్డానికి వెళ్ళిన అబ్బాజాన్‌ని, కడుపుతో ఉన్న కూతుర్ని సరదాకి "ఒకటి రుచి చూడు" అనకండి. మెనూ అట్ట అడుగున సన్నటి అక్షరాల్లో పచ్చి తిండి గురించి హెచ్చరిక రాసి ఉంటుంది. పిల్లలు దాన్ని చదివి పెద్దలకి వినిపించాలి.

ఆ సన్నటి అక్షరాల వెనక చావులున్నాయి. 1924, 25 చలికాలంలో మురుగునీటి ఆల్చిప్పల వల్ల న్యూయార్క్, షికాగో, వాషింగ్టన్ లాంటి నగరాల్లో టైఫాయిడ్ పాకింది. దాదాపు 1,500 మంది మంచాన పడ్డారు, 150 మంది చనిపోయారు. ఆ తర్వాతే ఆల్చిప్పల మీద దేశమంతా ఒకే తరహా నిఘా మొదలైంది. ఈరోజు ప్రతి బస్తాకీ ఒక చీటీ కట్టి ఉంటుంది. ఏ నీటిలోంచి, ఏ తారీఖున తీశారో దాని మీద ఉంటుంది. బస్తా అయిపోయాక కూడా 90 రోజులు ఆ చీటీని రెస్టారెంట్ దాచాలి. ఆరడుగుల నేలలో పెట్టుకునే తిండికి కాదు, అర నిమిషంలో మింగే తిండికి ఇంత హిసాబ్ పెట్టారు. మనం మాత్రం ఎక్కడిదని ఒక్క మాట అడగం.

నాలుగో సవాల్. చేతులకి హక్ దక్కిందా?

ఆ డౌన్‌టౌన్‌లోనే బ్రాడ్ స్ట్రీట్‌లో 1825లో థామస్ డౌనింగ్ అనే ఆయన ఆయిస్టర్ హౌస్ తెరిచాడు. నల్లజాతి మనిషి. 1791లో వర్జీనియాలోని చింకటీగ్ దీవిలో, గులామీ నుంచి విడుదలైన తల్లిదండ్రులకి పుట్టాడు. ఆయన దుకాణం తెరిచేనాటికి న్యూయార్క్ రాష్ట్రంలో గులామీ ఇంకా పూర్తిగా రద్దు కాలేదు, 1827లో అయింది. పైన బ్యాంకర్లు, వ్యాపారులు, రాజకీయ నాయకులు ఆల్చిప్పలు తినేవాళ్ళు. కింద నేలమాళిగలో దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన గులాములకి పనాహ్ దొరికేదని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. ఆయన 1866లో చనిపోయినప్పుడు నగర వర్తకుల సంఘం ఆ రోజు తలుపులు మూసి ఇజ్జత్ ఇచ్చింది. ఆ పైన కూర్చుని తిన్నవాళ్ళలో ఎంతమందికి కింద ఉన్న మనుషుల సంగతి తెలిసి ఉంటుంది?

మన టేబుల్ కింద కూడా మనుషులున్నారు. ఆయిస్టర్ బార్‌లో ఆల్చిప్పల పక్కనే గాజు గ్లాసు అంచుకి వేలాడదీసి రొయ్యలిస్తారు. అమెరికాకి రొయ్యలమ్మే దేశాల్లో మొదటిది మన దేశం. మన దేశంలో రొయ్యల సాగులో మొదటిది ఆంధ్రప్రదేశ్. భీమవరం చెరువులో పెరిగిన వనామీ, కోస్తాలోని ఏదో షెడ్డులో మన ఆడవాళ్ళ చేతుల మీద తొక్క ఊడి, ఐసులో మాన్‌హాటన్ చేరి ఉండొచ్చు. గంటల తరబడి ఐసు నీళ్ళల్లో నానే చేతులవి. ఆ షెడ్లలో కూలీ గురించి, పని గంటల గురించి గట్టి ఆరోపణలతో 2024లో అంతర్జాతీయ పత్రికలు రాశాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే మొదట గుండె గుభేలుమన్నది ఆ చెరువు గట్టు మీదే. న్యూయార్క్‌లో రొయ్య తింటున్న మన పిల్లలకి ఈ రిష్తా తెలియాలి. తెలిస్తే రొయ్య హలాలా అనే మాట పక్కన, దాన్ని ఒలిచిన అక్కకి కూలి సరిగ్గా ముట్టిందా అనే మాట కూడా వస్తుంది.

అంత దూరం చూడలేమంటే ఎదురుగా ఉన్న వెయిటర్‌ని చూడండి. టిప్పులు వచ్చే పనివాళ్ళకి యజమాని ఇవ్వాల్సిన కనీస నగదు కూలి అమెరికా ఫెడరల్ చట్టంలో గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి అది మారలేదు. న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో అంతకంటే చాలా ఎక్కువ, అయినా టిప్పు మీదే ఇల్లు గడుస్తుంది. బిల్లు మీద 15 నుంచి 20 శాతం ఇవ్వడం అక్కడి రివాజు. మన వాళ్ళు కొందరు ఐదు ప్రశ్నలూ అడిగి, వంటమనిషిని రెండుసార్లు తిప్పి, చివర్లో రెండు డాలర్లు పెట్టి లేస్తారు. మజ్దూర్ చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వమన్న నబీ ఉమ్మత్ మనం. హలాల్ అడిగిన నోటికి టిప్పు ఇచ్చే చేయి కూడా తోడుండాలి.

ఇక్కడ కొందరు పెద్దలు అంటారు: "ఇంత బాధ ఎందుకు? అసలు వెళ్ళకుండా ఉంటే పోలా?" ఆ మాటని నేను తేలిగ్గా తీసుకోను. షరాబ్ తిరిగే దస్తర్‌ఖాన్ మీద కూర్చోవద్దన్న హదీస్ మనకుంది. తఖ్వాతో దూరంగా ఉండేవాళ్ళకి నా సలాం. మీ టేబుల్ మీదే గ్లాసులు తిరుగుతాయని తెలిస్తే ఆఫీసు విందైనా సరే వద్దని చెప్పడమే మంచిది. కానీ నౌకరీలో అన్ని పిలుపులూ అలాంటివి కావు. సాయంత్రం బదులు మధ్యాహ్నం భోజనానికి వస్తామనొచ్చు. బార్ గట్టుకి దూరంగా, లోపలి హాల్లో టేబుల్ అడగొచ్చు. ఏది ఎంతవరకు సరేనో తమ ఇమామ్‌ని అడిగి తేల్చుకోవచ్చు. పిల్లలు ఎలాగూ బయట తింటున్నారు. మనం వద్దు అని ఊరుకుంటే వాళ్ళు మనకి చెప్పకుండా తింటారు. అడగడం నేర్పితే ఎక్కడికెళ్ళినా అడిగి తింటారు. నాకు రెండోదే మేలనిపిస్తుంది.

ఇంకో మాట మా ఇళ్ళల్లోని ఖాలాలకి, ఫుప్పీలకి, మామూలకి. ఇంకోసారి గ్రూపులో ఇలాంటి ఫోటో వస్తే, తౌబా టైపు చేసే ముందు "బేటీ, తిన్నారా? ఎలా ఉంది?" అని ఒక్క మాట రాయండి. మస్లా చెప్పాలనిపిస్తే ఆ పిల్లకో పిల్లాడికో విడిగా ఫోన్ చేసి మెల్లగా చెప్పండి. ముందు వాళ్ళ మజ్హబ్ ఏమిటో తెలుసుకోండి. నలుగురిలో ఒకరి ఇజ్జత్ తీయడం హరాం అని చెప్పడానికి ఏ ఫత్వా వెతకనక్కర్లేదు, అందులో ఏ మజ్హబ్‌కీ ఇఖ్తిలాఫ్ లేదు. మా బార్కస్ బహూ ఇంకా గ్రూపులోకి రాలేదు. ఆమెని తిరిగి పిలవాల్సింది ఆమెని అన్నవాళ్ళే. ఈ రాత మా వాళ్ళు కూడా చదువుతారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

అల్లాహ్ మన రిజ్క్‌ని హలాల్‌గా, తయ్యిబ్‌గా ఉంచుగాక. దాన్ని పండించిన, పట్టిన, ఒలిచిన, వడ్డించిన చేతుల హక్ ఇచ్చే తౌఫీఖ్ మనకిచ్చుగాక. ఆమీన్.